పదకొండో పలక అంచు

ఆ పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ రేకులమ్మ అంటారు. ఆమెకూ ఒక పేరుంది, గుర్తింపు కార్డు మీద ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ గేటు దగ్గర కాపలావాడు మొదలుకొని డైరెక్టరు దాకా దాన్ని ఎవరూ వాడరు. చిటికెనవేలి గోరులో సగం కూడా లేని బంగారు రేకులను పట్టకారుతో తీసి, తూచి, ఇంధన పలకల మీద అతికించి, మర్నాడు విప్పి లెక్కపెట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బంగారంతో ఉద్యోగమా అని ఎవరైనా కళ్ళు పెద్దవి చేస్తే, ఇరవై రెండేళ్ళ బంగారమంతా పోగేసినా ఒక సన్నపాటి ఉంగరం కూడా కాదని నవ్వేస్తుంది.

ఆమె గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు. మనిషి మంచిదే, చేతి పని ఇంకా మంచిది, కానీ ఓర్వలేనితనం మాత్రం తట్టల్లో ఎత్తి పోయాల్సినంత ఉంది. అదైనా ఊరందరి మీద కాదు. పక్కింటివాళ్ళు మేడ మీద మేడ కట్టుకున్నా ఆమెకు చీమ కుట్టినట్టు ఉండదు. తోబుట్టువులు బాగుపడితే సంతోషించింది, స్నేహితురాళ్ళ పిల్లలకు మంచి ఉద్యోగాలొస్తే మిఠాయి పంచిపెట్టింది. ఆమె కడుపుమంటంతా ఒక్క మనిషి మీదే. ఆ మనిషి ఆమె తోడికోడలు.

ఆమె పనిచేసే చోటును చిన్నపొయ్యి అంటారు. అదీ రియాక్టరే. నీళ్ళ తొట్టి ఉంది, ఇంధన పలకలున్నాయి, నియంత్రణ కడ్డీలున్నాయి, గోడమీద ఎర్ర మీట ఉంది. లేనిదల్లా వేడి. దాన్ని పూర్తిగా రగిలించినా ఇంట్లో బల్బు వెలిగేటంత శక్తి రాదు. దాని మీద టీ కూడా కాగదని అవతలివాళ్ళ హాస్యం. అవతలివాళ్ళంటే అదే ఆవరణలో, ఒక ఇటుకల దారికి ఆ చివర ఉన్న పెద్దపొయ్యివాళ్ళు. పెద్దపొయ్యి శక్తి కోటి వాట్లు. దాని కొలను అడుగున నీలి వెలుగు ఉంటుంది. చూడ్డానికి బళ్ళ నుంచి పిల్లలు, పత్రికల నుంచి విలేఖరులు వస్తారు. ఆస్పత్రుల్లో స్కానింగుకు ముందు ఒంట్లోకి ఎక్కించే మందు తయారయ్యేదీ అక్కడే. చిన్నపొయ్యిని చూడ్డానికి ఎవరూ రారు. తలుపు మీద రంగు వెలిసిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

మరి అది ఎందుకున్నట్టు? పెద్దపొయ్యిలో ఒకసారి మండిన పలకను మనిషి మళ్ళీ దగ్గరికి వెళ్ళి ముట్టుకోలేడు. ఏళ్ళ తరబడి దాన్ని నీళ్ళ అడుగునే ఉంచాలి. చిన్నపొయ్యిలో పలకలు అంతగా మండవు కాబట్టి, ఇవాళ నడిపి ఆపితే రేపు దగ్గర నిలబడి కొక్కెం కర్రతో అటుది ఇటు మార్చుకోవచ్చు. అందుకని పెద్దపొయ్యిలో ఏ మార్పు చేయాలన్నా ముందు ఆ అమరికను ఇక్కడ పేర్చి చూస్తారు. ఏ పలక దగ్గర న్యూట్రాన్లు ఎంత గుమికూడుతున్నాయో రేకులు చెబుతాయి. న్యూట్రాన్లు ఎక్కువ తగిలిన రేకు కౌంటర్ కింద ఎక్కువ టిక్కుటిక్కుమంటుంది, అంతే శాస్త్రం. వడ్డించబోయే ముందు ఉప్పు చూడటం లాంటిది ఆ పని. ఇక్కడ తప్పు బయటపడితే పోయేది రెండు రోజుల శ్రమ. అదే తప్పు అక్కడ బయటపడితే పలక పైపొర బొబ్బలెక్కి, కొలను నీళ్ళు పాడై, ఏడాదిపాటు మందు ఆగిపోతుంది. ఉప్పు చూసిన మనిషిని ఎవరూ పొగడరు, వండినవాళ్ళనే పొగడతారు. రేకులమ్మ బాధ సగం అదే.

మిగతా సగం ఇంట్లో ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. పెద్దవాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్, కింది వాటా. చిన్నవాడు బ్యాంకులో పనిచేస్తాడు, పై వాటా. అత్తగారు పేరుకు కింద ఉంటుంది కానీ మనసు పైన ఉంటుంది. రేకులమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వీధిలో రియాక్టర్లో పనిచేసే ఆడది ఆమె ఒక్కతే. దర్జీ కూతురామె. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని కాజాలు కుట్టి కుట్టి చెయ్యి నిలకడ నేర్చుకుంది. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ప్రశ్నలేమీ అడగలేదట. ఆవగింజంత రేకును పట్టకారుతో ఎత్తి త్రాసులో పెట్టమన్నారట, పదిసార్లు. పదిసార్లూ చెయ్యి వణకలేదు. అత్తగారు ఆ కథను వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, ఏడేళ్ళపాటు.

ఆ తరవాత మరిదికి సంబంధాలు చూశారు. ఇక్కడే మన రేకులమ్మ కొరివితో తల గోక్కుంది. క్యాంటీన్లో పరిచయమైన ఒక ఇంజనీరు పిల్ల ఉందనీ, పెద్దపొయ్యిలో కొత్తగా చేరిందనీ, నెమ్మదస్తురాలనీ, నవ్వితే బాగుంటుందనీ ఇంట్లో చెప్పింది తనే. పిల్ల తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి మాట కలిపింది తనే. నెమ్మదస్తురాలు కాపురానికి వచ్చి ఏడాది తిరగకముందే అత్తగారి నోట పదిసార్ల కథ ఆగిపోయింది. దాని చోట నీలి వెలుగు కథ మొదలైంది.

హాల్లో ఒక ఫోటో వెలిసింది. కొలను గట్టు మీద తెల్లకోటుతో చిన్నకోడలు, కింద నీలంగా మెరుస్తున్న నీళ్ళు. పత్రికలో పడినదాన్ని పెద్దది చేయించి మరీ తగిలించారు. చిన్నపొయ్యిలో ఫోటో తీస్తే ఏముంటుంది? తొట్టి, స్టూలు, తొట్టి పక్కన రేకులమ్మ. కింది వాటాలోంచి బయటికి వెళ్ళాలంటే ఆ ఫోటో ముందు నుంచే వెళ్ళాలి. పదిహేనేళ్ళుగా రోజుకు రెండుసార్లు దాని ముందు నుంచి వెళుతోంది, ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. చూడకపోయినా అందులో కోటుకు మూడో గుండీ పెట్టుకోలేదని ఆమెకు తెలుసు.

నిరుడు అత్తగారికి ఎముకల నొప్పి వచ్చి స్కానింగ్ చేయించారు. ఒంట్లోకి మందు ఎక్కిస్తున్న నర్సుతో, ఇది మా చిన్నకోడలు చేసిందేనమ్మా, అని ఆవిడ చెప్పుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళింది పెద్దకోడలు. చెయ్యి పట్టుకుని కూర్చున్నది పెద్దకోడలు. వరండాలో నాలుగు గంటలు నిలబడింది పెద్దకోడలు. నర్సు తిరిగి, మీరు కూడా అక్కడే పనిచేస్తారా అని మర్యాదకు అడిగితే, అత్తగారే జవాబు చెప్పింది: "ఆ, ఇది కూడా ఏదో రేకులు లెక్కపెడుతుంది." అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ కొట్టినవాళ్ళూ లేరు, నవ్వినవాళ్ళూ లేరు. అయినా ఆమె ఆస్పత్రి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

తోడికోడలు ఆమెను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అదీ ఒక ఏడుపే. ఎదురు మాట అంటే దులిపేయొచ్చు, అనని మనిషిని ఏం చేస్తాం? పైనుంచి గిన్నెలో ఏదైనా కూర వస్తే, రుచి చూసి, ఉప్పు ఒక రవ్వ ఎక్కువైందనో పోపు మాడిందనో పంపేది రేకులమ్మ. తప్పు లేకపోతే ఏమీ అనేది కాదు. పదిహేనేళ్ళలో బాగుందన్న మాట ఒక్కటి కూడా మెట్లెక్కలేదు. అయినా గిన్నెలు రావడం మానలేదు.

ఇలా ఉండగా ఆ ఏడు చిన్నపొయ్యికి ఒక పని వచ్చింది. పెద్దపొయ్యిని ఆపి, లోపలి పలకల అమరికను మార్చబోతున్నారు. మధ్యలో కొంత చోటు ఖాళీ చేసి, మందు తయారీకి ఇంకో గొట్టం దించుతారు. అలా చేస్తే ఇప్పటికన్నా ఒకటిన్నర రెట్లు మందు వస్తుంది. ఆ అమరిక గీసింది చిన్నకోడలు. కంప్యూటర్ లెక్క చేయించింది చిన్నకోడలు. అంతా కుదిరి పెద్దపొయ్యిని మళ్ళీ మొదలుపెట్టే రోజు, నియంత్రణ గదిలో నడిమి కుర్చీ చిన్నకోడలిది. ఆ కుర్చీలో ఇంతవరకు ఆడమనిషి కూర్చోలేదు. అత్తగారు అప్పుడే చుట్టాలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది.

దాంతోపాటు ఇంకో కబురు కూడా చెవిన పడింది. ఇదే చిన్నపొయ్యి చేసే ఆఖరి పనట. కంప్యూటర్లు ఇంత బాగా లెక్కలు కడుతుంటే ఇంకా రేకులెందుకు అని పైవాళ్ళు అనుకుంటున్నారట. పనివాళ్ళను ఇప్పటికే తగ్గించేశారు. మిగిలింది రేకులమ్మ, రియాక్టర్ నడిపే ఇద్దరు, పర్యవేక్షణకు గడియారం మాస్టారు. ఆయన ప్రతి పనికీ ముందు చేతి గడియారం చూస్తాడని ఆ పేరు. పని అప్పగిస్తూ వచ్చిన కాగితంలో చివర ఒక వాక్యం ఉంది: రేకుల కొలత ఇరవై రెండేళ్ళ అనుభవమున్న ఉద్యోగిని స్వయంగా చేయాలి. అది చదివి రేకులమ్మ ముఖం ముడుచుకుంది. ఆవిడ గొప్పకు తను వెళ్ళి ముద్ర వేయాలన్నమాట, అదీ చేతులారా.

చిన్నపొయ్యిలో ఒక పాత పద్ధతి ఉంది. రేకులు అతికించిన మనిషి లెక్కపెట్టకూడదు. లెక్కపెట్టే మనిషికి ఏ రేకు ఎక్కడిదో తెలియకూడదు. ఒక్కో రేకు ఒక్కో కాగితపు సంచిలో వస్తుంది, సంచి మీద అంకె తప్ప ఏమీ ఉండదు, ఆ అంకెల జాబితా మాస్టారి సొరుగులో ఉంటుంది. మనిషి కన్ను తనకు కావలసిందే చూస్తుందని ఆ పద్ధతి పెట్టినవాళ్ళకు తెలుసు. మనుషులు తగ్గిపోయాక అది అటకెక్కింది. ఇప్పుడు అతికించేదీ రేకులమ్మే, లెక్కపెట్టేదీ రేకులమ్మే.

పలకలు పేర్చారు. మొదటి రోజు అతి మెల్లగా పేర్చాలి, అది ఇంకో నియమం. రగలడానికి ఇంకా ఎన్ని పలకలు కావాలో లెక్కగట్టి, అందులో సగం కన్నా ఎక్కువ ఒక్కసారి పెట్టకూడదు. మళ్ళీ లెక్క, మళ్ళీ మిగిలినదాంట్లో సగం. రగిలింది. రేకులు అతికించి ఒక గంట నడిపి ఆపారు. మర్నాడు రేకులమ్మ వాటిని విప్పి ఒక్కొక్కటీ కౌంటర్ కింద పెట్టింది. మొదటి పది పలకలవీ కంప్యూటర్ చెప్పిన అంకెకు అటూ ఇటూ రెండు మూడు శాతంలో ఉన్నాయి. ఒక్కోటి కుదురుతున్నకొద్దీ ఆమె ముఖం ఒక్కో మెట్టు దిగింది. పదకొండో పలక వచ్చింది. ఖాళీ చేసిన చోటుకు ఆనుకున్న పలక అది. అన్నిటిలాగే దానికీ మూడు రేకులు. నడిమిది కుదిరింది. అవతలి అంచుది కుదిరింది. నీళ్ళవైపు అంచు మీదిది పద్నాలుగు శాతం ఎక్కువ చూపించింది.

పది దాటితే అమరిక చెల్లదు.

ఎందుకు ఎక్కువైందో ఆమెకు వెంటనే తెలిసింది. ఖాళీ చోట నీళ్ళు నిండుతాయి, నీళ్ళలో న్యూట్రాన్లు నెమ్మదిస్తాయి, నెమ్మదించినవి వెనక్కి తిరిగి మొదట దొరికిన అంచు మీద గుమికూడతాయి. కంప్యూటర్ పలకను గడులుగా విభజించి లెక్క కట్టింది, గడి పెద్దదైతే అంచు మంట అందులో కలిసిపోతుంది. రేకుకు గడి లేదు. ఉన్నచోట ఉన్నది చెబుతుంది.

ఆ క్షణంలో ఆమెకు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. అబద్ధమెందుకు, గదిలో ఎవరూ లేరు కదా అని చప్పట్లు కూడా కొట్టింది. నీలి వెలుగు, మూడో గుండీ లేని కోటు, నడిమి కుర్చీ, చుట్టాలకు ఫోన్లు, అన్నీ ఆ గోరంత రేకు కింద నలిగిపోయినట్టు అనిపించింది. అది ఒక పావుగంట. ఆ తరవాత కౌంటర్ మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయింది. ఇంత సంతోషం కలిగించిన అంకెను ఎలా నమ్మడం? రేకు అతికించింది ఎవరు? తను. ఎక్కడ అతికించాలో తెలిసింది ఎవరికి? తనకు. ఒక వెంట్రుకవాసి బయటికి జరిపి అతికించిందేమో. చెయ్యి వణకదని పేరే కానీ, చేతికి మనసు లేదని ఎవరు చెప్పారు?

మళ్ళీ కొలిచింది. పదమూడు. మళ్ళీ కొలిచింది. పద్నాలుగు. అప్పుడు మాస్టారిని పిలిచి పాత పద్ధతి బయటికి తీయించింది. ఆయన గడియారం చూసుకుని, స్వయంగా రేకులు అతికించి, విప్పి, సంచులను పేకముక్కల్లా కలిపి తెచ్చి ఇచ్చాడు. ఏది ఏదో తెలియకుండా తొంభై సంచులు లెక్కపెట్టింది. జాబితా తెరిస్తే ఎక్కువ చూపించింది అదే అంచు. పద్నాలుగు.

ఇంక అనుమానం ఉండకూడదు. అయినా పోలేదు. ఇంట్లో ఆ వారమంతా ఆమె మాటల్లో ఏదో తేడా కనిపించింది కాబోలు, మొగుడు కనిపెట్టాడు. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే సగం చెప్పింది. లిఫ్టు తాడును చూసినట్టు ఆమెను కింది నుంచి పైకి చూశాడాయన.

"నిజమే అయుండొచ్చు. కాదనను. కానీ నీకు ఆవిడంటే పడదని ఈ వీధిలో కుక్కలక్కూడా తెలుసు. పైగా మీ పొయ్యి మూసేస్తారంటున్నారు. నువ్వేం రాసినా అందుకే రాశావంటారు. కాస్త చూసుకుని రాయి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది ఆమెకు. చూసుకుని రాయమంటాడా, నేను చూసుకోకుండా ఎప్పుడు రాశాను, అని అరిచి, గిన్నెలు రెండు దబదబా కడిగింది. కానీ ఆ మాట లోపలికి దిగింది. వీధిలో ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారనిపించింది. అత్తగారు, పైదాని రోజు దగ్గర పడుతోంది, ఏ దిష్టీ తగలకుండా ఉంటే చాలు, అని గోడతో అన్నప్పుడు, ఆ దిష్టి తన కళ్ళలోదేనని ఆమెకు అర్థమైంది.

నివేదిక రాసే రోజు వచ్చింది. పదకొండో పలక దగ్గర ఆమె కలం ఆగింది. మూడు రేకులు. ఒకటి పద్నాలుగు, ఒకటి మూడు, ఒకటి ఒకటి. మూడింటినీ కలిపి సగటు తీస్తే ఆరు. ఆరు చెల్లుతుంది. ఒక పలకకు ఒక అంకె ఇవ్వడం తప్పు కాదు, చాలా చోట్ల అలాగే ఇస్తారట. అబద్ధం కాదు. ఆరు అని రాసింది. మిగతా ఇరవై తొమ్మిది పలకలకూ వరుస చెడకుండా సగటే రాసింది. సంతకం పెట్టాక ఒంట్లోకి ఒక చల్లదనం వచ్చింది. తన చేతికి దొరికిన కత్తిని తనే పక్కన పెట్టింది. ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది, ఫోటో దిగుతుంది, ఆ ఫోటో ఎవరి చలవో ఆవిడకు ఎప్పటికీ తెలియదు. ఈ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, ఆ సాయంత్రం మొదటిసారి హాల్లో ఫోటో ముందు ఆగి, తలెత్తి చూసింది. అంచు సంగతి మాత్రం ఆలోచించలేదు. పెద్దపొయ్యి మీద కోటి వాట్ల దగ్గర ఆ అంచు ఏమవుతుందో ఆలోచించకుండా ఉండటానికి గట్టిగానే కష్టపడింది.

రెండు రోజుల తరవాత, పదకొండు గంటల వేళ, చిన్నపొయ్యి తలుపు తెరుచుకుంది. తోడికోడలు వచ్చింది, ఒక్కతే, చేతిలో నివేదికతో. పదిహేనేళ్ళలో ఆమె అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. కూర్చోవడానికి ఉన్న ఒకే ఒక స్టూలు మీద కూర్చుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, ఇది నువ్వే రాశావా?"

"నేను కాక ఇక్కడ ఎవరున్నారు?"

"సగటు రాశావు."

"రాయకూడదని ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. కానీ నువ్వు రాయవు. నీ పాత నివేదికలు పదిహేడు చదివాను. ఒక్కదాంట్లో కూడా సగటు లేదు. ఏ రేకుకు ఆ రేకే. నాకు కొలతల పుస్తకం చూపించు."

పదిహేడు నివేదికలు ఇంకో మనిషి చదివిందన్న మాట దగ్గరే రేకులమ్మ ఆగిపోయింది. వాటిని డైరెక్టర్లు కూడా చదవలేదు. అటక మీద పాత పెట్టెలు ఎవరో దింపించుకున్నారని మాస్టారు అన్నప్పుడు ఎలుకల కోసమనుకుంది. సొరుగు తెరిచి పుస్తకం తీసి ఇచ్చింది.

తోడికోడలు పేజీలు తిప్పింది. పద్నాలుగు. పదమూడు. పద్నాలుగు. సంచులు కలిపి లెక్కపెట్టిన పద్నాలుగు. ఆమె వేలు ఆ చివరి అంకె మీద ఆగింది. ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం అలా వాడిపోవడం ఒక్కసారి చూడాలని రేకులమ్మ పదిహేనేళ్ళుగా ఎదురుచూసింది. ఇప్పుడు చూసింది. అనుకున్నంత బాగాలేదు, అలాగని కళ్ళు తిప్పుకోనూ లేదు.

"ఎందుకు దాచావు?"

"దాచలేదు. పుస్తకంలో ఉంది కదా."

"అక్కా."

"నీ మీద కడుపుమంటతో రాశానంటారని."

"మంట లేదా?"

పదిహేనేళ్ళు నోటితో మాట్లాడి నొసటితో వెక్కిరించిన మనిషికి, ఆ ఒక్క మాట పలకడం రేకు ఎత్తడం కంటే కష్టమైంది.

"ఉంది," అంది రేకులమ్మ. "బోలెడుంది."

"తెలుసు. అందుకే నీ చేతే కొలిపించమని నేను అడిగాను. ఆ కాగితంలో ఆఖరి వాక్యం రాయించింది నేనే." తోడికోడలు పుస్తకం మూసి, మళ్ళీ తెరిచింది. "నా అమరికను పదిమంది చూశారక్కా. అందరూ నా మంచి కోరేవాళ్ళే. బాగుంది బాగుంది అంటూ పేజీలు తిప్పారు. వాళ్ళు బాగుందన్నకొద్దీ నాకు భయమేసింది. నా కూరలో ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైతే చెప్పింది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే. ఏమీ అనని రోజున బాగా కుదిరిందని నేను తెలుసుకునేదాన్ని. నా తప్పు కోసం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని వెతికే మనిషి చూస్తే చాలనుకున్నాను. నువ్వు కూడా నా మీద జాలిపడితే ఇంక నేను ఎవరిని నమ్మాలి?"

రేకులమ్మకు ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నేళ్ళూ తను పైకి పంపిన ప్రతి వంకా విషమనుకుని పంపింది. అవతల మనిషి దాన్ని మందులా వాడుకుంది. చివరికి తన ఓర్వలేనితనం కూడా తనది కాకుండా పోయింది, దాన్నీ ఆవిడ పనిలోకి తీసుకుంది. అనాల్సింది వదిలి వేరేది అంది.

"ఇది రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"వస్తుంది. గొట్టం లేనప్పుడు ఆ ఖాళీలో నీళ్ళు నిండకుండా అల్యూమినియం దిమ్మ దించాలి. మళ్ళీ లెక్క, మళ్ళీ ఇక్కడ పేర్చడం, మళ్ళీ నీ రేకులు. మూడు నెలలు."

"కుర్చీ?"

"అప్పటికి వరస మారిపోతుంది. ఇంకో షిఫ్టుకు వెళ్ళిపోతుంది." ఆమె ఒళ్ళోని పాత నివేదికను మడిచి పక్కన పెట్టింది. "పోనీ. ఆ అంచు అక్కడ ఉబ్బిపోయి మందు ఆగిపోతే, ఆ కుర్చీలో కూర్చున్నది నేనేనని చెప్పుకోవాలి కదా. కొత్త కాగితం తీయి."

కొత్త కాగితం తీసింది. పదకొండో పలక, నీళ్ళవైపు అంచు, పద్నాలుగు శాతం. నాలుగు కొలతలూ విడివిడిగా రాసింది. మిగతా పలకలకు కూడా ఏ రేకుకు ఆ రేకే రాసుకుంటూ వచ్చింది. రెండు గంటలు పట్టింది. తోడికోడలు అంతసేపూ స్టూలు మీదే ఉండి అంకెలు చదివి వినిపించింది. గడియారం మాస్టారు వచ్చి, భోజనాల వేళయిందని గడియారం చూపించి, వాళ్ళిద్దరినీ చూసి వెళ్ళిపోయాడు. ఇలాంటి పొయ్యిని మూసేస్తారటగా అని రాస్తూ రాస్తూ రేకులమ్మ అంటే, ఈ పేజీ చదివాక ఎవరు మూస్తారో చూద్దాం అంది తోడికోడలు.

కొలిచినవారి సంతకం రేకులమ్మది. దాని పక్కన, పరిశీలించినవారి సంతకం. అమరిక గీసినవాళ్ళే అక్కడ సంతకం పెట్టాలి. తన అమరిక చెల్లదని ఒప్పుకుంటూ పెట్టే సంతకం అది. తోడికోడలు కలం తీసుకుని, తలవంచి, పెట్టింది. కాగితం అక్కడే వదిలి, ఇటుకల దారి మీద పెద్దపొయ్యివైపు నడిచి వెళ్ళింది.

ఆమె కనుమరుగయ్యాక రేకులమ్మ ఆ కాగితాన్ని దీపం కిందికి లాక్కుంది. రేకుల అంచులు చూసే భూతద్దం తీసి, ఆ సంతకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి గీత దాకా చూసింది. ఎక్కడైనా చెయ్యి వణికి ఉంటుందని వెతికింది. ఎక్కడా వణకలేదు. ఇంకోసారి వెతికింది. ఇన్నాళ్ళూ ఆవిడ కుర్చీని, ఆవిడ ఫోటోను ఓర్వలేకపోయింది. ఇప్పుడు ఆ వణకని చేతిని ఓర్వలేకపోతుంటే, వాటి సంగతి ఇంక ఆమెకు గుర్తు కూడా రాలేదు.